థియరీని ప్రశ్నల్లోకి దించడం ఎలా: గుణాత్మక పరిశోధన మొదలుపెడుతున్న వారికి

నేను పీహెచ్‌డీ ఫీల్డ్ వర్క్‌కి బయల్దేరినప్పుడు సంచిలో నలభై ప్రశ్నల జాబితా, ఒక రికార్డరు, రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. థియరీ మాత్రం లేదు. "ముందు డేటా తెచ్చుకో, థియరీ తర్వాత చూసుకోవచ్చు" అని సీనియర్లు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. థియరీ అంటే నాకు భయం మరి. నాలుగు నెలలు ఊళ్ళు తిరిగి ముప్పై రెండు ఇంటర్వ్యూలు చేసుకొచ్చాను. తర్వాత లైబ్రరీలో కూర్చుని మంచి థియరీ ఒకటి ఎంచుకున్నాను. ఎంచుకున్నాక చూస్తే, అది అడిగే విషయాలు నా ముప్పై రెండు ఇంటర్వ్యూల్లో ఎక్కడా లేవు. అప్పు ఎవరి పేరున ఉందని అడిగాను. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ మాటల మధ్య వెళ్ళిందో అడగలేదు.

ఇక అందరూ చేసేదే నేనూ చేశాను. రెండో అధ్యాయంలో ఇరవై పేజీల థియరీ, ఐదో అధ్యాయంలో దానితో ఏ సంబంధమూ లేని ఫలితాలు, మధ్యలో "పై సిద్ధాంతం వెలుగులో" అని ఒక వాక్యం. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు) ఒక్కటే అడిగారు: "ఈ రెండో అధ్యాయం చింపేస్తే మీ ఐదో అధ్యాయంలో ఏం మారుతుంది?"

ఏమీ మారదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటి నుంచి ఎవరి సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) చూసినా నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను, కాకపోతే ఐదో అధ్యాయం దాకా ఆగను. థియరీ పేరు తీసేస్తే మీ ఇంటర్వ్యూ ప్రశ్నల్లో ఏదైనా మారుతుందా? మీరు కలవబోయే మనుషుల్లో ఎవరైనా మారతారా? మారకపోతే ఆ థియరీ మీ పరిశోధనలో లేనట్టే. ఉండాలంటే ఏం చేయాలో ఒకే ఉదాహరణ పట్టుకుని చెబుతాను. మీ అంశం బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, గిగ్ డ్రైవర్లు కావచ్చు. పని జరిగే తీరు మాత్రం ఇదే.

ముందు చిక్కుముడి రాసుకోండి

థియరీల జాబితా తెరవకముందే మీకు అర్థం కాని విషయాన్ని నాలుగైదు వాక్యాల్లో రాయండి. మీ ఇంట్లో వాళ్ళకు చెప్పినట్టు రాయండి. "మహిళా సాధికారతపై స్వయం సహాయక సంఘాల ప్రభావం: ఒక అధ్యయనం" అన్నది చిక్కుముడి కాదు, ఫైలు మీద అట్ట. చిక్కుముడి ఇలా ఉంటుంది:

డ్వాక్రా లోను ఆవిడ పేరున వచ్చింది. ఆ డబ్బుతో కొన్న ఆటో ఆయన నడుపుతున్నాడు. నెలనెలా కిస్తు ఆవిడ కడుతోంది. అడిగితే "మా అప్పే, మా బండే" అంటోంది. ఇంతకీ ఈ అప్పు ఎవరిది?

(డ్వాక్రా అనే పథకం 1999లోనే వేరే పథకంలో కలిసిపోయింది. కానీ ఏ ఊళ్ళో అడిగినా ఇప్పటికీ అది డ్వాక్రా గ్రూపే. మీ ప్రశ్నల్లోనూ జనం వాడే పేరే వాడండి. "స్వయం సహాయక సంఘం" అంటే ఏ ఆఫీసు నుంచో వచ్చారనుకుంటారు.)

ఈ నాలుగైదు వాక్యాల్లో సిద్ధాంతం ఏమీ లేదు. కానీ వెతకాల్సింది ఏమిటో ఉంది. థియరీ ఈ ముడి విప్పడానికి పనికొస్తేనే దాన్ని తెచ్చుకుంటాం.

అదే కాగితం వెనక ఇంకో పని చేయండి: ఈ ముడికి జవాబు మీకు ముందే తెలుసనిపిస్తే అది రాసేయండి. "ఆడవాళ్ళ పేరు మీద మగవాళ్ళు అప్పు తెచ్చుకుంటున్నారు, అంతే" అని నేను మనసులో అనుకునేవాణ్ణి. ఆ మాట కాగితం మీద కనబడితేనే, అది నా ప్రశ్నల్లోకి ఎక్కడ దూరిందో తర్వాత పట్టుకోగలను.

థియరీ కానివాటిని పక్కన పెట్టండి

సినాప్సిస్‌లలో "సైద్ధాంతిక చట్రం" అన్న శీర్షిక కింద నేను ఎక్కువగా చూసేవి థియరీలే కావు. థీమాటిక్ అనాలిసిస్ ఉంటుంది. అది డేటాను విశ్లేషించే పద్ధతి. కేస్ స్టడీ ఉంటుంది. అది పరిశోధనకు ఒక రూపం. "స్త్రీవాద దృక్పథం" అని ఉంటుంది. అది మీరు ఎటువైపు నిలబడి చూస్తున్నారో చెబుతుంది, కానీ అంత విశాలమైన మాట నుంచి ఏ ప్రశ్నా పుట్టదు. అందులో ఎవరి వాదన, ఏ భావన, అన్నంత దాకా దిగాలి.

ఇంకొందరు "నాది గ్రౌండెడ్ థియరీ కాబట్టి నాకు చట్రం అక్కర్లేదు" అంటారు. 1967లో గ్లేసర్, స్ట్రాస్ ఆ పద్ధతిని ప్రతిపాదించింది థియరీ చదవడం తప్పించుకోవడానికి కాదు. డేటా తెస్తూ, పోలుస్తూ, తర్వాత ఎవర్ని కలవాలో అప్పటిదాకా తేలినదాన్ని బట్టి నిర్ణయించుకుంటూ, చివరికి ఒక సిద్ధాంతాన్ని కట్టాలి. ముప్పై ఇంటర్వ్యూలూ ఒకేసారి పూర్తిచేసి తర్వాత కోడింగ్‌కి (ఇంటర్వ్యూలోని మాటలకు గుర్తులు పెట్టి విడదీయడానికి) కూర్చుంటే అది గ్రౌండెడ్ థియరీ కాదు. నిజంగా చేస్తే అన్నిటికంటే కష్టమైన దారి అదే.

మన పనికి కావలసిన థియరీ ఒక విషయం ఎలా జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో చెప్పాలి, అందులో రెండు మూడు స్పష్టమైన భావనలు ఉండాలి. అంతకంటే పెద్ద నిర్వచనాల జోలికి నేను పోను.

ఒకే ముడి మీద నాలుగు థియరీలు వేసి చూడండి

ఇది ఒక సాయంత్రం పని, కానీ దాదాపు ఎవరూ చేయరు. గైడ్ చెప్పిన థియరీనో, పక్క స్కాలర్ వాడిన థియరీనో తీసుకుంటారు. అలా కాకుండా మూడు నాలుగు థియరీలు తీసుకుని, ప్రతిదాన్నీ మీ చిక్కుముడి ముందు కూర్చోబెట్టి "నువ్వయితే ఏం అడుగుతావు?" అని అడగండి.

సామాజిక ఆర్థికవేత్త నైలా కబీర్ 1999లో సాధికారతను మూడు భాగాలుగా విడదీశారు: వనరులు, ఏజెన్సీ, ఫలితాలు. ఏజెన్సీ అంటే తనకేం కావాలో తాను నిర్ణయించుకుని, దానికోసం పని చేయగలగడం. అందులో బేరమాడటం, బతిమాలడం, దాచిపెట్టడం, మాయచేయడం, ఎదురు తిరగడం అన్నీ వస్తాయి. ఆవిడ ఇంకో తేడా కూడా చూపించారు. బతుకుదెరువు ఏమిటి, ఎక్కడ ఉండాలి, ఎవర్ని పెళ్ళాడాలి, పిల్లలు కావాలా వద్దా, ఇవి జీవితాన్ని మలిచే ఎంపికలు. మిగతావి వాటి తర్వాతవి. అంటే ఏ కూర వండాలో తానే నిర్ణయిస్తుందని రాసుకొచ్చి సాధికారత అనడానికి లేదు, వంటిల్లు ముందునుంచీ ఆవిడకే వదిలేశారు కదా. కబీర్ మన ముడి చూస్తే ఇలా అడుగుతారు: ఆటో కొనాలన్న ఆలోచన ఎవరిది? ఆవిడ ఇంకేదైనా కొనాలనుకుందా? వద్దని ఉంటే ఏం జరిగేది?

సామాజికవేత్త డెనిజ్ కాండియోటి 1988లో పితృస్వామ్యంతో ఆడవాళ్ళు చేసే బేరం గురించి రాశారు. ఉన్న కట్టుబాట్ల లోపలే ఎంతో కొంత భద్రత కోసం, కొంత మాట చెల్లుబాటు కోసం ఆడవాళ్ళు లెక్కలు వేసుకుంటారనీ, కోడలిగా అణిగి ఉన్న మనిషే అత్తగా మారాక పెత్తనం చేస్తుందనీ, అందుకే ఆ ఏర్పాటును కాపాడేది కూడా వాళ్ళేననీ ఆ వాదన. కాండియోటి అయితే మన ఆటో గురించి అడగరు. ఆటో ఇచ్చి ఆవిడ ఏం తెచ్చుకుందని అడుగుతారు. వేరు కాపురమా? తాగుడు మానతానన్న మాటా? పుట్టింటికి పంపడమా?

సామాజికవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ మనుషులు నలుగురి ముందు వేసే పాత్రకూ తెరవెనక ఉండే తీరుకూ మధ్య తేడాను పట్టించుకున్నారు. ఆయన్ని తెచ్చుకుంటే మీ దృష్టి అప్పు మీద కాకుండా "మా అప్పే, మా బండే" అన్న మాట మీద పడుతుంది. ఆ మాట ఎవరి ముందు అంది? గ్రూపు మీటింగులో ఏం చెప్పింది, బోరు దగ్గర ఏం చెప్పింది?

ఉమ్మడి వనరుల మీద పని చేసి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ అయితే ఇంట్లోకే రారు. సంఘం దగ్గర ఆగిపోతారు. లోను ముందు ఎవరికివ్వాలో ఎవరు తేలుస్తారు, కిస్తు తప్పితే శిక్ష ఏమిటి, మొదటి తప్పుకూ మూడో తప్పుకూ ఒకటే శిక్షా?

నలుగురూ నాలుగు వేరే పరిశోధనలు చేయిస్తారు. ఎవరు గొప్ప అన్న ప్రశ్నే లేదు. బియ్యం జల్లెడతో పిండి జల్లించలేం. మన చిక్కుముడి ఇంటి లోపలిది కాబట్టి నేను కబీర్‌ను తీసుకుంటాను. మీ చిక్కుముడి "ఒక గ్రూపు ఇరవై ఏళ్ళు నిలబడితే పక్క గ్రూపు రెండేళ్ళకే ఎందుకు విడిపోయింది" అన్నదైతే ఆస్ట్రమ్‌ను తీసుకోండి.

థియరీ మారితే జవాబు మారుతుందని నమ్మకం కలగాలంటే

ఇది నిజంగా జరిగింది, మన అంశంలోనే. బంగ్లాదేశ్‌లో ఊరి ఆడవాళ్ళకు ఇచ్చే చిన్న అప్పుల మీద 1996లో, ఒకే పత్రికలో, రెండు అధ్యయనాలు వచ్చాయి. గోట్జ్, సేన్ గుప్తా చేసిన అధ్యయనం అప్పు డబ్బు వాడకాన్ని ఎవరు నడిపిస్తున్నారని చూసింది. సగం కంటే ఎక్కువ చోట్ల ఆడవాళ్ళకు ఆ డబ్బు మీద పాక్షికంగానో, కొద్దిగానో మాత్రమే పట్టు ఉంది, లేదా అసలు లేదు అని తేల్చింది. హషేమి, షూలర్, రైలీ చేసిన అధ్యయనం గ్రామీణ్ బ్యాంకు, బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చే అప్పులు తీసుకున్నవాళ్ళ బయటి తిరుగుడు, కొనుగోళ్ళు, ఇంటి నిర్ణయాల్లో పాత్ర, రాజకీయ అవగాహన లాంటి ఎనిమిది విషయాలు చూసి, అప్పులు ఆడవాళ్ళకు మేలే చేస్తున్నాయంది.

2001లో కబీర్ ఈ పరస్పర విరుద్ధమైన ఫలితాల వెనక ఏముందో విప్పి చూపించారు. ఇంట్లో అధికారం ఎలా పని చేస్తుందన్న దాని మీద పరిశోధకుల ఊహలే వేరు. పెత్తనం అంటే డబ్బు లావాదేవీని తానే నడపడం అనుకుంటే ఒక జవాబు వస్తుంది. డబ్బు మొగుడి చేతిలో పెట్టినా, అది తన ద్వారా వచ్చిందన్న కారణంగా ఇంట్లో తన స్థానం మారడం కూడా లెక్కే అనుకుంటే ఇంకో జవాబు వస్తుంది. అప్పు తీసుకున్న ఆడవాళ్ళు స్వయంగా ఏం చెబుతున్నారో వినడం ఆవిడ విశ్లేషణలో ముఖ్య భాగం.

మన ఆటో దగ్గరికి వస్తే, మొదటి ఊహతో వెళ్తే "అప్పు ఆయనది" అని రాసుకొస్తారు. రెండో ఊహతో వెళ్తే, కిస్తు తానే కట్టడం వల్ల ఆవిడకు ఇంట్లో ఏం దక్కిందని ఇంకో గంట కూర్చుని అడుగుతారు.

భావనను తెలుగులోకి దించండి, అనువాదం చేయకండి

ఇక్కడ తడబడితే మిగతాదంతా తడబడుతుంది. "ఏజెన్సీ" అన్న మాట పట్టుకుని ఊళ్ళోకి వెళ్తే ఒకరికి గ్యాస్ ఏజెన్సీ గుర్తొస్తుంది, అరకు వైపు వెళ్తే ఏజెన్సీ అంటే మన్యమే. "కర్తృత్వం" అని అనువదిస్తే మీకూ అర్థం కాదు. "సాధికారత" మాటకు వేరే చిక్కు ఉంది. అది ఎన్నో మీటింగుల్లో, శిక్షణల్లో విన్న మాట. "మీకు సాధికారత వచ్చిందా?" అంటే "వచ్చిందండీ, ఇదివరకు గడప దాటేవాళ్ళం కాదు, ఇప్పుడు బ్యాంకుకి వెళ్తున్నాం" అని ఒక పాఠం వచ్చేస్తుంది. ముప్పై మందిని అడిగితే ముప్పైసార్లు అదే పాఠం. అబద్ధమని కాదు, అది ఆఫీసు వాళ్ళకు చెప్పే జవాబు.

కాబట్టి భావన కింద మనుషుల నోట వచ్చే మాటలు రాసుకోండి. ఏజెన్సీ కింద నా నోటుపుస్తకంలో ఇవి ఉన్నాయి: నా మాట చెల్లింది. నేనే మొండికేశాను. ఆయనకి తెలీకుండా దాచాను. మా అన్నతో చెప్పించాను. నాకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను. చివరిది చూడండి. ఊరుకోవడం ఏజెన్సీ లేకపోవడమా, లేక ఒక ఎత్తుగడా? దానికి మీ దగ్గర ముందే జవాబు ఉండకూడదు. ప్రశ్న మాత్రం ఉండాలి.

ఈ మాటల జాబితా తయారు చేయడానికి ఒక తేలిక దారి: అసలు ఇంటర్వ్యూలకు ముందు రెండు మూడు గ్రూపు మీటింగులకు వెళ్ళి ఊరికే వెనక కూర్చోండి. రికార్డరు తీయకండి.

ప్రశ్నలు తయారు చేయడం

ఒక కాగితాన్ని అడ్డంగా పెట్టి ఐదు గళ్ళు గీయండి. భావన, అది ఉంటే ఏం కనబడుతుంది, ఎవరికి తెలుస్తుంది, ఎలా అడగాలి, ఎక్కడ అడగాలి. ఏ గడి ఖాళీగా మిగిలితే మీ డిజైన్ అక్కడ బలహీనం. నా పాత నలభై ప్రశ్నలను ఇలా గళ్ళలో వేసి చూస్తే ఇరవై ఏడు ప్రశ్నలకు మొదటి గడి ఖాళీ. అవి ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఎవరిదో పాత థీసిస్ ప్రశ్నావళిలో ఉన్నాయని పెట్టాను.

ఏజెన్సీ వరుసను చూద్దాం. "మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే "ఇద్దరం కలిసే" అంటారు. ఆ ప్రశ్నకు ఇంకో మర్యాదైన జవాబు లేదు. దాని బదులు జరిగిన ఒక రోజును అడగండి:

"పోయినసారి లోను వచ్చిన రోజు జరిగింది చెప్పండి. బ్యాంకుకి ఎవరెవరు వెళ్ళారు? డబ్బు ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టారు?"

"ఆ డబ్బుతో ఆటో కాకుండా ఇంకేమైనా కొందామన్న మాట వచ్చిందా? ఎవరు తెచ్చారు?"

"కిస్తు రోజు దగ్గరికొచ్చి డబ్బు తక్కువైతే ముందు ఎవర్ని అడుగుతారు? ఎవర్ని మాత్రం చచ్చినా అడగరు?"

ఈ మూడో ప్రశ్న వనరుల వరుసకు కూడా పనికొస్తుంది. కబీర్ దృష్టిలో వనరు అంటే చేతిలో ఉన్న డబ్బే కాదు, అవసరానికి ఎవరి మీద హక్కుగా ఆధారపడగలరన్నది కూడా. ఆవిడ పుట్టింటి వాళ్ళా, గ్రూపు లీడరా, చిట్టీ నడిపే ఆవిడా, నగలు తాకట్టు పెట్టుకునే షావుకారా, ఈ పేర్ల వరుసలోనే చాలా తెలుస్తుంది. ఫలితాల వరుసకు పెద్ద విషయాలు అడగండి: అమ్మాయిని ఎంతవరకు చదివించారు, సంబంధం చూసినప్పుడు ఆవిడ మాటకు విలువ ఇచ్చారా, ఆటో ఎవరి పేరున రిజిస్టర్ అయింది. చివరిది చాలా చిన్న ప్రశ్న. నేను అడగలేదు.

పన్నెండు పదిహేను ప్రశ్నలు మించొద్దు. మనుషులకు పనులుంటాయి.

ఎవరిని, ఎక్కడ

శాంపిల్‌ను కూడా థియరీయే చెప్పాలి. చాలామంది "రెండు మండలాలు, ఒక్కోదాంట్లో పదిహేను మంది" అని రాస్తారు. అది సర్వే అలవాటు. కబీర్‌తో పని చేస్తున్నామంటే ఎంపిక చేసుకునే వీలులో తేడా ఉన్నవాళ్ళు కావాలి. మొగుడు ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు. తమకంటూ కూలి డబ్బులు వచ్చేవాళ్ళు, రానివాళ్ళు. కాండియోటి వాదన నుంచి ఒక్క ముక్క అరువు తెచ్చుకుంటే వయసు చేరుతుంది: ఒకే గ్రూపులో ఉన్న అత్తనూ, కోడలినీ విడివిడిగా కలవాలి. కులాన్ని ఫారంలో ఒక గడిగా వదిలేయకండి. ఎస్సీ కాలనీ గ్రూపుకూ ఊరి మధ్య గ్రూపుకూ బ్యాంకులో జరిగే మర్యాద ఒకటేనా అన్నది వనరుల ప్రశ్నే.

గ్రూపులోంచి వెళ్ళిపోయినవాళ్ళను మరిచిపోకండి. ఉన్నవాళ్ళనే కలిస్తే నిలబడినవాళ్ళ కథే వస్తుంది. వాళ్ళ పేర్లు లీడరు ఇవ్వదు, పాత మినిట్స్ పుస్తకంలో దొరుకుతాయి.

ఎంతమంది అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. "పన్నెండు చాలు" అన్న మాట ప్రచారంలో ఉంది. దాని మూలం 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ రాసిన వ్యాసం. ఘనా, నైజీరియాల్లో చేసిన అరవై ఇంటర్వ్యూలను వెనక్కి చూసుకుని, మొదటి పన్నెండులోనే దాదాపు అన్నీ వచ్చేశాయన్నారు. కానీ వాళ్ళు మాట్లాడింది చాలావరకు ఒకే రకం మనుషులతో, ఒకే రకం ప్రశ్నలతో. పైన చెప్పినన్ని తేడాలున్న మనుషులను తీసుకుని పన్నెండు దగ్గర ఆపితే ఒక్కో రకానికి ఇద్దరు కూడా రారు.

ఎక్కడ అడగాలన్నది మర్యాదకే కాదు, భద్రతకూ సంబంధించింది. "దాచుకున్న డబ్బు" అన్న ప్రశ్న ఆవిడ మొగుడు అరుగు మీద కూర్చుని ఉండగా అడిగితే, మీరు వెళ్ళాక ఆ ఇంట్లో గొడవ. మీకు డేటా, ఆవిడకు దెబ్బలు. మీ థియరీ రహస్యాలను వెతకమంటోందంటే, ఆ రహస్యం బయటపడకుండా చూసే ఏర్పాటు కూడా డిజైన్‌లో రాయాలి: పొలం దగ్గరా, పుట్టింటికి వచ్చినప్పుడా, పేరు లేకుండా ఎలా రాసుకుంటారు, ఫైలు ఎక్కడ దాస్తారు. సంతకం పెట్టించుకున్న కాగితంతో ఈ పని అయిపోదు.

ఇమడనివాటికి ఒక పుస్తకం

రెండు మూడు ఇంటర్వ్యూలు చేశాక ఆగండి. మిగతావి వారం వాయిదా వేయండి. వాటిని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, మీ మూడు భావనల్లో దేనికీ ఇమడని మాటలు ఒక వేరే నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఫీల్డ్ వర్క్ మొత్తం ఈ పుస్తకం నడవాలి. చట్రంలోకి అన్నీ చక్కగా ఇమిడిపోతుంటే నాకు అనుమానం వస్తుంది, ఎవరో ఒకరు మీకు నచ్చే జవాబులు చెబుతున్నారని.

నా పుస్తకంలో మాటిమాటికీ వచ్చింది పరువు. "నాకు ఊళ్ళో ఎక్కడైనా అప్పు పుడుతుంది" అని ఒకావిడ గొప్పగా చెప్పింది. తెలుగులో అప్పు దొరకదు, పుడుతుంది. అది ఆవిడ దృష్టిలో ఆస్తి. తన కిస్తే కాదు, పక్కావిడ కిస్తు కూడా తన పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టానని, గ్రూపు పేరు పోకూడదని చెప్పినవాళ్ళు ఇద్దరు. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ళ గొడవ ముదిరి, ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళకు, కట్టలేకపోయిన మనిషి గుమ్మం ముందు తోటి సభ్యులే వచ్చి కూర్చోవడం అంటే ఏమిటో తెలుసు. ఈ పరువు కబీర్ మూడు గళ్ళలో ఎక్కడ పెట్టాలి? వనరా? ఫలితమా? ఆవిణ్ణి కట్టిపడేసిన తాడా?

ఇలాంటప్పుడు కంగారుపడి థియరీ మార్చేయకండి. అలాగని ఆ మాటలను వదిలేయకండి కూడా. అవసరమైనంత మేరకు ఇంకో భావన తెచ్చుకోండి. నలుగురిలో మొహం నిలబెట్టుకోవడం గురించి గాఫ్‌మన్ దగ్గర కావలసినంత ఉంది. దాన్ని చేర్చి, ఎందుకు చేర్చారో, ఎన్నో ఇంటర్వ్యూ తర్వాత చేర్చారో తేదీతో రాసుకోండి. మెథడాలజీ అధ్యాయంలో ఆ పేజీ మీకు చాలా పనికొస్తుంది. ఒకటి చేర్చవచ్చు, రెండు చేర్చవచ్చు. ఐదు చేరిస్తే అది చట్రం కాదు, సంతకెళ్ళిన సంచి.

కోడింగ్ తెలుగులోనే

మనలో చాలామంది తెలుగులో ఇంటర్వ్యూ చేసి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, ఆ ఇంగ్లీషును కోడ్ చేస్తారు. థీసిస్ ఇంగ్లీషులో ఇవ్వాలి కదా అని. నేనూ చేశాను. ఏజెన్సీ కోసం వెతుకుతున్నవాళ్ళు చేయకూడని పని అదొక్కటే, ఎందుకంటే తెలుగులో ఏజెన్సీ క్రియలో ఉంటుంది.

డబ్బు ఆయనకి ఇచ్చాను. ఇచ్చేశాను. ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చి ఊరుకున్నాను. అడక్కముందే ఇచ్చాను. ఇంగ్లీషులో హడావుడిగా తర్జుమా చేస్తే ఇవన్నీ ఒకటే క్రియ అయి కూర్చుంటాయి. ఆటో విషయం చూడండి. "ఆటో కొన్నాడు" వేరు, "కొనుక్కున్నాడు" వేరు. రెండోదాంట్లో అది అతని కోసమే కొన్నదన్న చిన్న చురక ఉంది. "నేనే కొనిపించాను" అంటే కథ మొత్తం తలకిందులు. బండి నడిపేది ఆయనే, కానీ కొనిపించింది ఆవిడ. "కొన్నాం" అన్నప్పుడు ఆ "మేం"లో ఎవరెవరున్నారో మన భాష చెప్పదు, మీరే అక్కడికక్కడ అడగాలి. యాసను కూడా సరిదిద్దకండి. "ఇచ్చిన" అంటే "ఇచ్చిన" అనే రాయండి.

మూడు రంగుల పెన్నులతో మొదలుపెట్టండి: వనరులు, ఏజెన్సీ, ఫలితాలు. నాలుగోది పెన్సిలు, ఇమడనివాటికి. వీటి కింద చిన్న కోడ్‌లకు వాళ్ళ మాటలే పేర్లుగా పెట్టండి. "తెలీకుండా దాచడం", "అన్నతో చెప్పించడం", "ఊరుకోవడం". ఇంగ్లీషు పేర్లు చివరన, రాసేటప్పుడు పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉంటే మంచిదే, లేకపోతే పనేమీ ఆగదు.

సినాప్సిస్‌లో ఇలా రాయండి

ఇరవై పేజీలు అక్కర్లేదు. ఒక పేరా చాలు. కావాలంటే ఈ నమూనా చూసి మీ అంశానికి తిరగరాసుకోండి:

"ఆడవాళ్ళ పేరున వచ్చే సంఘం అప్పు ఇంట్లోకి వచ్చాక ఎవరిదవుతుందన్నది ఈ అధ్యయనం ప్రశ్న. దీనికి కబీర్ ప్రతిపాదించిన వనరులు, ఏజెన్సీ, ఫలితాలు అన్న మూడు భావనలను వాడుతున్నాను, ఎందుకంటే డబ్బు ఎవరు నడిపిస్తున్నారన్న ఒక్క కొలతతో ఈ ప్రశ్న తెగదని బంగ్లాదేశ్ అనుభవం చూపింది. ఏజెన్సీలో బేరం, దాపరికం, ఊరుకోవడం కూడా ఉంటాయి కాబట్టి అవునో కాదో చెప్పించే ప్రశ్నలు కాకుండా, ఒక్కో అప్పు కథను మొదటి నుంచి చెప్పించే ఇంటర్వ్యూలు చేస్తాను. ఎంపికకు ఉన్న వీలు వయసును బట్టి, వైవాహిక స్థితిని బట్టి, కులాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ తేడాలున్నవాళ్ళనూ, సంఘం వదిలి వెళ్ళినవాళ్ళనూ ఎంచుకుంటాను. అప్పు తీర్చడం ఆడవాళ్ళకు ఎంపికగా కాక పరువు బరువుగానే ఎక్కువ చోట్ల కనబడితే, ఈ చట్రం నా ప్రశ్నకు చాలదని ఒప్పుకుని దాన్ని సవరిస్తాను."

ఈ చివరి వాక్యం కమిటీలో కొందరికి నచ్చదు. "ముందే చాలదని ఎందుకు రాస్తున్నారు, తీసేయండి" అంటారు. తీయకండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ముందుగా వేలు పెట్టేది దాని మీదే, దానికి జవాబు మీ పెన్సిలు గీతల పుస్తకంలో ఉంటుంది.